ఓనరాంటీ చేతి రొట్టె

కొత్తగూడ చౌరస్తా దాటి కొండాపూర్ వైపు వచ్చే సందుల్లో ఒకదాని నిండా హాస్టళ్ళే. ఆడపిల్లల హాస్టలు, మగపిల్లల హాస్టలు, మళ్ళీ ఆడపిల్లల హాస్టలు. ప్రతి గోడకూ ఒక ఫ్లెక్సీ, ప్రతి ఫ్లెక్సీ మీదా వైఫై, వేడినీళ్ళు, వాషింగ్ మిషను. ఈ మూడూ లేని హాస్టలును ఇప్పటివరకు ఎవరూ కట్టలేదు, కాబట్టి అవి చదివి చేరేవాళ్ళు కూడా ఎవరూ లేరు. భూలక్ష్మి హాస్టలు ఫ్లెక్సీ మీద మాత్రం వాటి కింద ఇంకో వరుస ఉండేది. "ఓనరాంటీ చేతి జొన్న రొట్టె". ఆ వరుస చూసి చేరినవాళ్ళు చాలామందే ఉన్నారు.

జొన్న రొట్టెకు ఇప్పుడు వచ్చిన మర్యాద చూస్తే నవ్వొస్తుంది. ఒకప్పుడు వరి బువ్వకు నోచుకోనివాళ్ళ తిండి అని ముక్కు విరిచినవాళ్ళ పిల్లలే ఇప్పుడు ఆఫీసు బస్సు దిగి, మెడలో కార్డు తీయకుండానే, రోడ్డు పక్క రొట్టెల పొయ్యి ముందు వరుసలో నిలబడుతున్నారు. షుగరుకు మంచిదట, నడుముకు మంచిదట. మంచిదేదో ఆనాడే తెలిసి ఉంటే ఆ పాత ఆడవాళ్ళకు కాస్త గౌరవమైనా దక్కేది. ఆలస్యంగా దక్కిన ఆ గౌరవాన్ని కొత్తగూడకు తీసుకొచ్చి తన హాస్టలు గోడకు కట్టుకుంది భూలక్ష్మి.

సంగతేమిటంటే, భూలక్ష్మికి జొన్న రొట్టె చేయడం రాదు.

జొన్నపిండికి జిగురు ఉండదు. మరిగే నీళ్ళు పోసి, చేతులు చురుక్కుమంటుండగానే పిసికి, ముద్దను పీట మీద పెట్టి, అరచేత్తో తడుతూ తిప్పుతూ పలచగా చేయాలి. భూలక్ష్మి తడితే అంచులు పగులుతాయి, ఎత్తబోతే నడిమికి విరుగుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఎట్లా విరిగేదో, అరవై దాటాక కూడా అట్లాగే విరుగుతుంది. కొందరి చేతికి కొన్ని పనులు అంతే, మొక్కుకున్నా రావు.

హాస్టలుకు రొట్టెలు చేసేది సరోజమ్మ. ఆమె భూలక్ష్మికి సొంత తోడికోడలు, బావగారు నర్సయ్య భార్య. సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆమెకో రొట్టెల బండి ఉంది. సాయంత్రం తన బేరం మొదలుపెట్టకముందే హాస్టలుకు కావలసినన్ని చేసి, స్టీలు డబ్బాలో పెట్టి గుడ్డ కప్పి, వెనక గేటు దగ్గర ఇచ్చి పోతుంది. పైసల దగ్గర భూలక్ష్మి ఆమెకు ఎన్నడూ లోటు చేయలేదు. లోటు చేసింది పేరు దగ్గర. ముందు గేటు ఉండగా వెనక గేటు ఎందుకని సరోజమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో మాత్రం భూలక్ష్మి చాలాసార్లు అనుకుని పెట్టుకుంది.

ఇది నిన్న మొన్న మొదలైన వ్యవహారం కాదు. భూలక్ష్మి పుట్టిల్లు శాలిబండ. తండ్రి బట్టల దుకాణంలో గుమాస్తా, రెండు పూటలా అన్నం తిన్న ఇల్లు. కొత్తగూడ రామన్నకు ఇచ్చి పెళ్ళి చేసేనాటికి ఆ పిల్లకు రొట్టె తినడమే సరిగా తెలియదు. అప్పటి కొత్తగూడలో ఈ అద్దాల మేడలూ లేవు, ఫ్లైఓవరూ లేదు. జొన్న చేలు, రాళ్ళ గుట్టలు, మధ్యలో మట్టిదారి. అత్త మల్లమ్మ ఇంట్లో ఒక ఏర్పాటు ఉండేది. ఏ కోడలు చేసిన రొట్టెలు ఆ కోడలి వెదురు గుల్లలోనే వేయాలి. చేనుకు సద్ది పంపే ముందు మల్లమ్మ రెండు గుల్లల మీదా గుడ్డలు ఎత్తి చూసేది. చూసి ఏదో ఒకటి అనకుండా ఆమెకు పొద్దు గడిచేది కాదు.

మొదటి రోజు భూలక్ష్మి గుల్లలో విరిగిన ముక్కలే ఉన్నాయి. అత్త గుమ్మంలోకి వచ్చే లోపు సరోజమ్మ తన గుల్లలోవి సగం తీసి చెల్లెలు వరుసైన భూలక్ష్మి గుల్లలో పెట్టి, ముక్కలను పొయ్యి వెనక దాచేసింది. ఏమీ అనలేదు, నవ్వింది అంతే. ఆ రోజు మొదలు అదే తంతు. మల్లమ్మ లెక్కలో ఇద్దరు కోడళ్ళకూ చెరి సగం రొట్టెలు ఉండేవి. చిన్నది పట్నం నుంచి వచ్చి కూడా పనిమంతురాలైంది, పెద్దది ఇన్నేండ్లయినా చేతులు కదపదు అని మల్లమ్మ వాడంతా చెప్పుకునేది. ఆ మాటలు సరోజమ్మ తలవంచుకుని పడేది. పక్కనే నిలబడి భూలక్ష్మి వినేది. ఒక్కనాడైనా నోరు విప్పి, అత్తా, అవి అక్క చేసినవే అని అనలేదు. కొత్త కోడలు, భయం, అనుకుందాం. అత్త పోయాక కూడా అనలేదు, దానికి మాత్రం ఏ పేరు పెట్టాలో తెలియదు.

తర్వాత కొత్తగూడకు కంపెనీలు వచ్చాయి. నర్సయ్య తన పాలుకు వచ్చిన భూమిని ముందే అమ్మి లారీ కొన్నాడు. లారీ పోయింది, తర్వాత మనిషీ పోయాడు. రామన్న అమ్మలేదు. అది దూరదృష్టి అని ఇప్పుడు చుట్టాలు అంటారు గానీ, అసలు కారణం బద్ధకం. ఏ కాగితానికైనా రేపు చూద్దాం అనే మనిషి అతను. ఆ బద్ధకం మీదే ఐదంతస్తులు లేచాయి. భూలక్ష్మి ఓనరాంటీ అయింది. సరోజమ్మ మసీద్‌బండ దగ్గర ఒక కిరాయి గదిలో చేరి, తనకు వచ్చిన ఒకే ఒక్క విద్యను బండి మీద పెట్టుకుంది.

హాస్టలు పెట్టిన కొత్తలో ఒక పిల్ల రొట్టె తుంచుకుంటూ, ఎవరు చేశారు ఆంటీ అని అడిగింది. భూలక్ష్మి నోటికి వెంటనే వచ్చిన మాట, నేనే. అలవాటైన నోరు. కోడలు స్వాతి వ్యాపారం తెలిసిన పిల్ల, ఆ మాటను తీసుకెళ్ళి ఫ్లెక్సీ మీద వేయించింది. నోట్లో ఉన్నంతకాలం చిన్నగానే ఉన్న అబద్ధం, గోడ మీదికి ఎక్కేసరికి సందంతా కనబడింది.

నవ్య ఆ హాస్టల్లోకి వచ్చింది ఈ ఏడే. ప్రొద్దుటూరు పిల్ల. గచ్చిబౌలిలో ఒక కంపెనీలో ఉద్యోగం. ఆ కంపెనీ ఫోన్లో ఇంగ్లీషు నేర్పిస్తుంది. నవ్య పనేమిటంటే రోజుకో ఇంగ్లీషు మాట ఎక్కడ పుట్టింది, ఎవరి కడుపున పుట్టింది, ఎట్లా అరిగి ఎట్లా మారింది అని నాలుగు ముక్కలు రాయడం. మనుషుల కులగోత్రాలు వెతికేవాళ్ళను చూశాం, మాటల కులగోత్రాలు వెతికినా జీతమిస్తారని భూలక్ష్మికి అప్పుడే తెలిసింది.

ఒక సాయంత్రం భోజనాల హాల్లో నవ్య కంచం పట్టుకుని నేరుగా ఆమె దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఆంటీ, ఈ పొద్దు మీ మాట పుట్టుక రాసినా."

"నా మాటేంది బిడ్డా?"

"ల్యాండ్‌లేడీ. ఇంటి ఓనరమ్మను ఇంగ్లీషులో అట్లనే కదా అనేది. ల్యాండ్ అంటే నేల, అది అందరికీ తెలిసిందే. కథంతా లేడీలో ఉంది. వెయ్యేండ్ల కిందట ఇంగ్లీషోళ్ళు దాన్ని ఇట్ల పలికేవాళ్ళు కాదంట. రెండు మాటలు కలిపి అనేవాళ్ళు. ఒకటి రొట్టె, రెండోది పిండి పిసికే ఆమె. పలికి పలికి అరిగిపోయి లేడీ అయింది. లార్డ్ కూడా అంతే, రొట్టెను కాచుకునేవాడు అని. నేల అనే మాట చానా కాలం తర్వాత వచ్చి దాని ముందర అతుక్కుంది. ముందు పుట్టింది రొట్టె, నేల తర్వాతే."

పిల్లలు తినడం ఆపి వింటున్నారు. వెనక బల్ల నుంచి ఒకరు అడిగారు, "మరి మనలాగా కూర్చుని తినేవాళ్ళకు మాట లేదా?"

"ఉండింది. రొట్టె తినేవాళ్ళు అని. వేరేవాళ్ళ ఇంటి మీద పడి బతికేవాళ్ళను అట్ల అనేవాళ్ళంట. ఆ మాట చచ్చిపోయింది, ఎవరూ వాడరు." నవ్య భూలక్ష్మి వైపు తిరిగింది. "మీరు చూడండాంటీ. నేలా మీదే, పిండీ మీరే పిసుకుతారు. ఆ మాట మొత్తం సరిపోయేది ఈ హైదరాబాద్‌లో మీ ఒక్కరికే."

పిల్లలు చప్పట్లు కొట్టారు. భూలక్ష్మికి ముందు సంతోషమే కలిగింది, అబద్ధమెందుకు. అంత చదువుకున్న పిల్ల వచ్చి, నీ పేరు వెనక వెయ్యేళ్ళ వంశం ఉంది అని చెబితే ఎవరికి సంతోషం కాదు? ఆ వెంటనే నవ్య కంచంలోని రొట్టె కనబడింది.

"దీని కింద పెట్టను ఒక చిన్న వీడియో కావల్ల ఆంటీ. మీరు రొట్టె చేస్తా ఉండేది. నేనే వచ్చి తీసుకుంటా."

చెప్పడానికి అదే సమయం. నాకు రాదు బిడ్డా, మా అక్క చేస్తది అంటే సరిపోయేది. పిల్లలు కాసేపు నవ్వేవాళ్ళు, తినేవాళ్ళు, చేతులు కడుక్కుని వాళ్ళ గదుల్లోకి పోయేవాళ్ళు. అంతకు మించి ఏమయ్యేది కాదు. కానీ భూలక్ష్మి చుట్టూ అన్ని కళ్ళూ మెరుస్తూ ఆమె చేతుల వైపే చూస్తున్నాయి. ఆ చేతులను ఆమె కొంగు కింద పెట్టుకుంది.

"నువ్వుంటే నాకు సిగ్గు బిడ్డా. మా స్వాతి తీసి పంపుతది తీ."

ఆదివారం పొద్దున పిల్లలు ఇంకా నిద్ర లేవకముందు స్వాతి వంటింట్లో ఫోను సిద్ధం చేసింది. ఆమెకు ఇదంతా చిటికెలో పని. "మీ ముఖం తీస్త అత్తమ్మా, చేతులు పెద్దత్తమ్మవి తీస్త. నడుమ కలిపితే ఎవ్వరికి తెల్వది." భూలక్ష్మి పొయ్యి ముందు కూర్చుని, గాజుల చేతులు ఒళ్ళో పెట్టుకుని నవ్వుతుండగా ముందు ముఖం తీసింది. అంతలో సరోజమ్మ వెనక గేటు నుంచి వచ్చింది. విషయం విని, ఎప్పటిలాగే ఏమీ అనకుండా, చీర కుచ్చిళ్ళు దోపుకుని పీట ముందు కూర్చుంది.

స్వాతి ఫోనులోంచి చూసి ఆగింది. "జర ఆగండి. అత్తమ్మ చేతులకు గాజులున్నయి గద. గీ చేతులు బోసిగున్నయి. దొరికిపోతం."

నర్సయ్య పోయిన దగ్గర నుంచి సరోజమ్మ చేతులకు మట్టిగాజులు లేవు. ఈ కాలంలో పట్టించుకోనివాళ్ళు ఉన్నారు, మంచిదే. సరోజమ్మ పట్టించుకునే మనిషి. వద్దని ఎవరూ నిలబడి చూడకపోయినా ఆమె వేసుకోలేదు.

భూలక్ష్మి తన గాజులు తీసేసి మళ్ళీ ముఖం తీయించుకుని ఉంటే సరిపోయేది. ఆ ఆలోచన ఆమెకు రాకపోలేదు, వచ్చింది. మొగుడు బతికుండగా చేతులు బోసిగా పెట్టుకోవడమా అని భయపడింది. మొగుడు పోయినామె చేతికి గాజులు తొడగడానికి మాత్రం భయపడలేదు. లోపలికి వెళ్ళి బీరువాలోంచి తను వేసుకున్నలాంటివే పచ్చ మట్టిగాజులు కొన్ని తెచ్చింది.

"గివెందుకే చెల్లె?" అంది సరోజమ్మ.

"ఒక్క నిమిషమే అక్కా. పాణం పోయే పని కాదు గద."

సరోజమ్మ కోడలి ముఖం చూసింది, చెల్లెలి ముఖం చూసింది, చేతులు చాపింది. పని చేసి వెడల్పైన చేతులు, గాజులు ఎక్కలేదు. భూలక్ష్మి సబ్బు నురగ రాసి, వేళ్ళు దగ్గరికి నొక్కి, ఒక్కొక్కటీ ఎక్కించింది. ఆ చేతిని పట్టుకున్నాక ఆమెకు గుర్తొచ్చింది. నర్సయ్య పోయిన పదో రోజున వాడకట్టు ముసలమ్మలు సరోజమ్మ గాజులు పగలగొడుతుంటే, ఆమె చేయి కదలకుండా పట్టుకుని కూర్చున్నది తనే. అదే మణికట్టు, అదే ఎముక. గుర్తొచ్చినా చేతిలో ఉన్న గాజును వెనక్కి తీయలేదు, ఎక్కించేసింది.

సరోజమ్మ పిండి పిసికి తట్టడం మొదలుపెట్టింది. గాజులు గలగలమన్నాయి. ఆ చప్పుడుకు ఆమె ఒకసారి చేయి ఆపింది. "ఆపకు పెద్దత్తమ్మా, మస్తుగ వస్తుంది" అంది స్వాతి. రొట్టె గుండ్రంగా, చంద్రుడి మల్లే, పెంక మీద పొంగింది.

పని అయిపోయాక సరోజమ్మ ఎవరినీ సాయం అడగలేదు. కుళాయి దగ్గరికి వెళ్ళి, వీళ్ళకు వీపు పెట్టి, సబ్బు రాసుకుని తనే ఒక్కొక్కటీ తీసుకుంది. చివరిది రాలేదు. తొట్టి అంచుకు కొట్టింది. పగిలిన ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేసి, మిగిలినవి కడిగి పొయ్యి గట్టు మీద పెట్టింది. "పోయొస్త" అని వెనక గేటు వైపు నడిచింది.  ఆ పూట భూలక్ష్మికి అన్నం సయించలేదు. గట్టు మీది గాజులను తీసి లోపల పెట్టడానికి కూడా చేయి రాలేదు, సాయంత్రం వంటమనిషి వచ్చి తీసింది.

వీడియో అందరికీ నచ్చింది. అది ఫోనుల్లోకి వచ్చిన సాయంత్రం నవ్య దాన్ని భోజనాల హాల్లో టీవీకి కలిపింది. పిల్లలంతా గుమిగూడారు. స్వాతి కూడా వాళ్ళ మధ్యకు వచ్చి నిలబడింది. టీవీలో ముందు భూలక్ష్మి నవ్వుముఖం, తర్వాత పచ్చగాజుల చేతులు. పిండి తడుతున్న చేతులను ఎంత పెద్దవి చేసి చూపించారంటే, గోడంతా అవే.

"ఆంటీ, మీ చేతులు చూస్తుంటే ఏడుపొస్తుంది" అంది ఒక పిల్ల. "మా నానమ్మ చేతుల్లా ఉన్నాయి."

భూలక్ష్మి నవ్వడానికి ప్రయత్నించింది.

వెనక గేటు దగ్గర ఎవరూ లేరు. డబ్బా అందుకునే స్వాతి ఇక్కడుంది. కాసేపు చూసి, వేడి చల్లారిపోతుందని సరోజమ్మ వంటింట్లోకి వచ్చి, అక్కడా ఎవరూ లేకపోతే హాలు గుమ్మం దాకా వచ్చింది. గోడ మీద తన చేతులు చూసింది. డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడింది.

ఆ పిల్లే మొదట చూసింది. "సందు చివర రొట్టెల బండి ఆమె కదా? ఇక్కడికెందుకు వచ్చింది ఆంటీ?"

అలవాటైన నోరు మళ్ళీ పని చేసింది. "పిండి తెస్తది. గిర్ని నుంచి."

గుమ్మంలో సరోజమ్మ ఆమె వైపు చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. "అవు బిడ్డా" అంది ఆ పిల్లతో. "పిండి తెస్త." డబ్బా మీద గుడ్డను ఇంకొంచెం లాగి, లోపల ఉన్నది కనబడకుండా చంకకు ఆనించుకుని, వెనక్కి తిరిగింది. ఆ రొట్టెలతో ఇక ఆమె ఎక్కడికి పోతుందో, హాస్టలు పిల్లలు ఏం తింటారో ఆమె ఆలోచించినట్టు లేదు. చెల్లెలి మాట నిలబడాలి, అంతే. నలభై ఏళ్ళ కిందట గుల్లలు మార్చినప్పుడు ఎట్లా ఉందో ఆ ముఖం ఇప్పుడూ అట్లాగే ఉంది.

భూలక్ష్మి అది తట్టుకోలేకపోయింది.

"అక్కా, ఆగు."

అందరూ తిరిగి చూశారు. భూలక్ష్మి గుమ్మం వైపు చేయి చూపించింది. "బిడ్డా, గవి నా చేతులు కావు. గామెవి. మా యారాలు, మా బావ భార్య. ఇన్నొద్దులు మీరు తిన్నయి గూడ గామె చేసినయే. గా డబ్బల ఉన్నయి రొట్టెలే. నేను గీ ఊరికి కోడలిగ వచ్చినప్పటి సంది గామె చేస్తె నా పేరు జెప్పుకున్న." నవ్య వైపు చూసింది. "నువ్వు గా దినం మూడు మాటలు చెప్పినవు బిడ్డా. పిండి పిసికేటామె మాట నాది కాదు. గా సచ్చిపోయిన మాట లేదా, తినేటోళ్ళది. గది నాది."

భూలక్ష్మికి ఒక్క క్షణం గుండె తేలికైంది. ఇన్నేళ్ళ బరువు దించుకున్నాననుకుంది. ఇక అక్క నవ్వుతుంది, ఏదో ఒకటి అంటుంది అనుకుని గుమ్మం వైపు చూసింది.

పిల్లలు కూడా అటే చూస్తున్నారు. టీవీలో వీడియో అయిపోయి మళ్ళీ మొదటి నుంచి వస్తోంది, పచ్చగాజుల చేతులు మళ్ళీ పిండి తడుతున్నాయి. పిల్లలు ఆ చేతులను చూశారు, గుమ్మంలోని బోసి చేతులను చూశారు. "మరి గాజులు..." అని ఎవరో మొదలుపెట్టి, సరోజమ్మ బొట్టు లేని నుదురు వైపు చూసి, అర్థమై ఆపేశారు.

సరోజమ్మ డబ్బాను నేల మీద పెట్టింది. రెండు చేతులూ కొంగులో దాచుకుంది. ఆమె తలవంచుకోవడం భూలక్ష్మి అత్త ముందు ఎన్నోసార్లు చూసింది, ఇట్లా ఎన్నడూ చూడలేదు.

"చెప్పాల్నంటే నాకు జెప్పాలె చెల్లె" అంది సరోజమ్మ మెల్లగా. "తప్పయింది అక్కా అని నాకొక మాట అనాలె. గింతమంది ముందల నా చేతులు వెట్టినవు."

వెళ్ళిపోయింది. డబ్బా గుమ్మంలోనే ఉంది. ఆకలితో ఉన్న పిల్లలు కూడా దాని గుడ్డ ఎత్తలేదు.

నవ్య ఆ సాయంత్రమే వీడియోను ఫోనుల్లోంచి తీసేయించింది. "అడక్కుండా గొప్ప మాట మీకు తగిలిచ్చినా ఆంటీ, నాదీ తప్పే" అంది. ఆ పిల్ల తప్పేమీ లేదని భూలక్ష్మికి తెలుసు. స్వాతి ఫ్లెక్సీ మీద ఆ వరుసకు తెల్ల కాగితం అంటించింది. అంటించాక అందరి చూపూ అక్కడికే పోయింది. వెనక గేటు దగ్గరికి డబ్బా రావడం ఆగిపోయింది. వంటమనిషి చపాతీలు చేసింది. పిల్లలు మర్యాదగా తిన్నారు, ఓనరాంటీతో మునుపటిలాగే మాట్లాడారు. ఆ మర్యాదే ఆమెను ఎక్కువగా కోసింది. రామన్న మాత్రం, వదినే కదా, రెండు రోజులకు అదే సర్దుకుంటది, రేపు చూద్దాం అన్నాడు. ఇంట్లో అందరూ ఇన్నేళ్ళూ చూసింది ఆ రేపటినే.

ఆమె మూడు నాలుగు సాయంత్రాలు బాల్కనీలో నిలబడి సందు చివరి పొగను చూసింది. చివరికి ఒకరోజు చెప్పులేసుకుని, ముందు గేటు తీసుకుని, అందరూ చూస్తుండగా సందులో నడిచింది. ఆఫీసు బస్సులు అప్పుడే వచ్చాయి. బండి ముందు పెద్ద వరుస. పక్కనుంచి వెళ్ళి అక్కా అని పిలవొచ్చు, చుట్టరికం ఉంది. ఆ చుట్టరికాన్ని వాడుకున్నది చాలనిపించింది. వరుస చివర నిలబడింది. ముందున్న కుర్రవాళ్ళు ఫోనులు చూసుకుంటున్నారు. హాస్టలు పిల్లలు ఇద్దరు దాటిపోతూ ఆమెను చూసి, పలకరించాలో వద్దో తెలియక, తలలు వంచుకుని పోయారు.

తన వంతు వచ్చింది. సరోజమ్మ తలెత్తలేదు, పిండి తడుతూనే ఉంది. బోసి చేతులు, ఏ చప్పుడూ లేదు.

"తప్పు చేసిన అక్కా" అంది భూలక్ష్మి. 

సరోజమ్మ రొట్టెను పెంక మీద వేసి, పైన నీళ్ళు అద్దింది. "మా ఆయన పదో దినం నా చెయ్యి వట్టుకున్నది నువ్వే. యాదికున్నదా?"

"ఉన్నది."

"యాదికుండి గూడ తొడిగినవు."

భూలక్ష్మి అవునంది. అబద్ధం చెప్పడానికి ఈసారి నోరు లేవలేదు. ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా సిగ్గేసింది, ఎందుకంటే ఏడిస్తే ఆ మనిషి ఓదారుస్తుందని తెలుసు. ఇన్నాళ్ళూ అట్లాగే గడుపుకుంది.

రొట్టె పొంగింది. సరోజమ్మ దాన్ని తీసి, కాగితం మీద వేసి, పక్కన ఎర్ర కారం పెట్టి, చేయి చాపి ఇచ్చింది.

"తిను."

"అక్కా..."

"నేను చేసింది అని చెప్పి తిను. గంతే."

భూలక్ష్మి వెనక్కి తిరిగి చూసింది. వరుసలో ఉన్నవాళ్ళు, సందు, సందులో తన ఐదంతస్తులు, తెల్ల కాగితం అంటించిన ఫ్లెక్సీ. రొట్టె చేతిని కాలుస్తోంది.

"మా అక్క చేసింది" అంది. వరుసలో మొదటి కుర్రవాడికి మాత్రమే వినబడింది. అతను తనతో కాదనుకుని ఫోనులోకి చూసుకున్నాడు.

సరోజమ్మ ఇంకో ముద్ద పీట మీద పెట్టింది. "అడ్డం నిలవడకు చెల్లె, ఎనుక జనమున్నరు."

భూలక్ష్మి ట్రాన్స్‌ఫార్మర్ పక్కకు జరిగి, నిలబడి, రొట్టె మొత్తం తినేసింది.